మన పని మనం చేసుకుంటే మిగిలేది ఎంత?

ఇంటి ఖర్చు తగ్గాలంటే ఏం చేయాలి అని ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా ఒకటే. బయటివాళ్లచేత చేయించుకునే పనులు మానేసి, మన పని మనమే చేసుకోవాలి అంటారు. బట్టలు ఇంట్లోనే ఉతుక్కోవాలి, ఇస్త్రీ మనమే చేసుకోవాలి, పిల్లల జుట్టు మనమే కత్తిరించాలి. సలహా మంచిదే, లెక్కా తేలికే. జతకు పది రూపాయల చొప్పున నెలకు అరవై జతలు ఇస్త్రీకి వేస్తారనుకోండి. నెలకు ఆరు వందలు, ఏడాదికి ఏడు వేల రెండు వందలు! కరెంటు ఖర్చు తీసేసినా చేతిలో చెప్పుకోదగ్గ సొమ్మే మిగులుతుంది.

అయితే సోదరీమణులారా, ఈ పనులు ఒకప్పుడు మన పల్లెల్లో ఎవరు చేసేవారు? వారికి ఏం ముట్టేది? అది కూడా తెలుసుకుంటే ఈ పొదుపు లెక్క ఇంకొంచెం సరిగ్గా అర్థమవుతుంది.

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ అనగానే రంగనాయకస్వామి గుడి, దానిని ఆనుకున్న రంగసముద్రం చెరువు గుర్తుకొస్తాయి. 18వ శతాబ్దంలో వనపర్తి సంస్థాన ప్రభువులు కట్టించిన గుడి అది. గుడి ఎవరు కట్టించారో చరిత్ర చెబుతుంది. ఆ ప్రభువుల బట్టలు ఎవరు ఉతికారో మాత్రం చెప్పదు. అటువంటి సంగతులు కూడా చరిత్రేనని చూపించిన పెద్దమనిషి ఈ ప్రాంతం వారే, సురవరం ప్రతాపరెడ్డిగారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. జనం తిండీ బట్టా, ఆటా పాటా గురించి ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

పాతకాలపు పల్లెలో ఇంటి సేవలకు నెలజీతం ఉండేది కాదు. చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి ఏడాదంతా పని చేసేవారు. పంట నూర్చిన రోజున కల్లం దగ్గర గింజలు కొలిచి ఇచ్చేవారు. దాన్ని మేర అనేవారు. చాకలి ఇంటివారు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి అన్నం కూడా తెచ్చుకునేవారు. ఇక చాకిరి సంగతి చూడండి. మూటలు చెరువుకు మోయాలి, చౌడు కలిపిన నీళ్లలో బట్టలు నానబెట్టాలి, ఉబ్బ పెట్టాలి, బండకేసి ఉతకాలి, ఆరేసి ఎవరివి వాళ్లకు చేర్చాలి. పెళ్లి వస్తే దివిటీ కూడా పట్టాలి. మంగలి క్షవరంతో పాటు సన్నాయి వాయించేవాడు, అతని ఇల్లాలు కాన్పులు చేసేది. ఇంత పనికి ముట్టేది కొలత గింజలు. కరువు వచ్చిన ఏడు అవీ అంతంత మాత్రమే.

దీనికన్నా బరువైనది వెట్టి. దొర ఇంటికి, ఊరికి వచ్చిన అధికారులకు ఏమీ పుచ్చుకోకుండా చేయవలసిన చాకిరి అది. బట్టలు ఉతకడం, కుండలు ఇవ్వడం, చెప్పులు కుట్టడం, మూటలు మోయడం, కబురు చెప్పి రావడం అన్నీ ఉచితమే! ఆ ఇళ్లకు డబ్బు బాగానే మిగిలింది. కానీ అది పొదుపా? ఇంకొకరి కడుపులోంచి తీసి దాచుకున్నది పొదుపు ఎలా అవుతుంది? 1921లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టిని ఎదిరించే పనికి పూనుకుంది. 1940లలో పాలకుర్తి చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వక నిలబడింది. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. వెట్టి కార్మిక నిర్మూలన చట్టం 1976లో వచ్చింది.

ఇంకొక సంగతి కూడా మనం మరచిపోకూడదు. ఎన్నో ఊళ్లలో చాకలి, మంగలి సేవ దళితులకు అందనిచ్చేవారు కాదు. వాళ్ల బట్టలు వాళ్లే ఉతుక్కున్నారు, వాళ్ల జుట్టు వాళ్లే కత్తిరించుకున్నారు. అది డబ్బు మిగుల్చుకోవడానికి కాదు, వేరే దారి లేక.

గాంధీగారి అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికాలో చాకలి ఖర్చు భరించలేక ఆయన ఉతుకుడు మీద పుస్తకం కొని నేర్చుకున్నారు, కస్తూరిబాకూ నేర్పారు. మొదటిసారి గంజి ఎక్కువై, కోర్టులో కాలరు నుంచి రాలుతుంటే తోటి బారిస్టర్లు నవ్వారట. ప్రిటోరియాలో తెల్ల మంగలి కాదంటే తన జుట్టు తానే కత్తిరించుకున్నారు. వెనకభాగం పాడైంది, మళ్లీ నవ్వులు. కానీ ఆయన ఆ మంగలిని తప్పుపట్టలేదు. మన దేశంలో మన మంగళ్లను అంటరానివారికి క్షవరం చెయ్యనిస్తున్నామా అని తలచుకున్నారు. ఆయనకు డబ్బు మిగిలింది, దానితో పాటు ఈ ఆలోచనా మిగిలింది.

తరువాత బ్లేడు మార్చుకునే రేజరు ఇంటింటికీ వచ్చింది. 1969లో అహ్మదాబాదులో మొదలైన నిర్మా పొడి చవకగా దొరికి, ఉతుకుడు ఇంటిపని అయింది. సేవ చేసేవారి పిల్లలు చదువులకూ, పట్నం కొలువులకూ వెళ్లారు. చేతివృత్తి నమ్ముకుని మిగిలినవారు షాపులు పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం రజకుల లాండ్రీలకు, నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. నోటు చేతిలో పెట్టి పని చేయించుకోవడం, మేర కోసం ఏడాది కాయించడం కన్నా ఎంతో మర్యాద.

మరి ఊళ్లో నలుగురు చేసిన ఆ చాకిరి ఇప్పుడు ఎవరి మీద పడింది? 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అంటే మనకు దాదాపు అయిదు గంటలు, వారికి గంటన్నర. “మన పని మనమే చేసుకుందాం” అన్నప్పుడు ఆ ‘మనం’లో ఇంటిల్లిపాదీ ఉన్నారా, అమ్మ ఒక్కతే ఉందా?

కనుక పొదుపు చేయండి, తప్పక చేయండి. గద్వాల చీర పట్టు అంచును కుంకుడురసంతో ఇంట్లోనే ఉతుక్కుంటే డబ్బూ మిగులుతుంది, అంచూ నిలుస్తుంది. కానీ పదేళ్లు దాటిన పిల్లవాడి చొక్కా వాడే ఇస్త్రీ చేసుకోవాలి, ఇంటాయన బనియను ఆయనే ఉతుక్కోవాలి. బయట చేయించుకున్న పనికి బేరమాడకుండా కూలి ఇవ్వండి. ఇంట్లో చేసిన పనిని నెలాఖరున ఖర్చుల పుస్తకంలో ఒక వరుసగా రాయండి, ఎవరు చేశారో పేరుతో సహా. చేతిపని చవక కావచ్చు, చెయ్యి చవక కాదు.