ఒక గది ఎక్కువట!

అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ మనకెంత పని పడుతుందో మీకు చెప్పాలా? పాలవాణ్ణి మాట్లాడుకోవాలి, పిల్లల్ని కొత్త బళ్లో వేయాలి, అవసరానికి బిడ్డను కాసేపు అప్పగించగల పొరుగింటిని సంపాదించుకోవాలి. ఈ చివరిదానికి ఏళ్లు పడుతుంది. బ్రిటన్‌లో సర్కారు అద్దె సహాయం తగ్గించినప్పుడు లెక్కకు రానిది సరిగ్గా అదే. ఆ కథ కాస్త వెనకనుంచి చెప్పుకోవాలి.

1915. గ్లాస్గో నగరం. మగవాళ్లెందరో యుద్ధానికి వెళ్లారు. ఓడల కార్ఖానాలకూ మందుగుండు ఫ్యాక్టరీలకూ జనం వచ్చిపడుతుంటే ఇళ్లవాళ్లు అద్దెలు పెంచేశారు. గోవన్ పేటలో మేరీ బార్బర్ అనే గృహిణి ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూడగట్టింది. ఇల్లు ఖాళీ చేయించే అమీనా వస్తున్నాడంటే గంట మోగేది. వంటపని ఎక్కడిదక్కడ వదిలి అందరూ మెట్లదారికి అడ్డం నిలిచేవారు. పిండి పొట్లాలు విసిరేవారు కూడానూ! నవంబరు నాటికి సుమారు 20,000 కుటుంబాలు పెంచిన అద్దె కట్టమన్నాయి. డిసెంబరులో పార్లమెంటు అద్దెలను యుద్ధానికి ముందున్న స్థాయిలో నిలిపేస్తూ చట్టం చేసింది. ఒకరి గుమ్మం ఒకరికి తెలిసిన వీధి కాబట్టి అది సాగింది.

తరువాతివి గబగబా చెప్పేస్తాను. 1919 చట్టంతో కౌన్సిళ్లు పెద్దయెత్తున అద్దె ఇళ్లు కట్టాయి. 1980 చట్టంతో వాటినే అద్దెదారులకు తగ్గింపు ధరకు అమ్మాయి, అమ్మినన్ని మళ్లీ కట్టలేదు. 1982 చట్టంతో, అద్దె కట్టలేనివారికి ‘హౌసింగ్ బెనిఫిట్’ అనే సహాయం వచ్చింది.

2013 ఏప్రిల్‌లో దానికి కత్తెర పడింది. కౌన్సిలు ఇళ్లలోనూ హౌసింగు సంఘాల ఇళ్లలోనూ ఉండే పనిచేసే వయసువారికి ఒక పడకగది ఎక్కువుంటే అద్దెలో 14 శాతం మేరకు, రెండో అంతకు మించో ఉంటే 25 శాతం మేరకు సహాయం కోత. పదేళ్లలోపు అన్నాచెల్లెళ్లు ఒకే గదిలో సర్దుకోవాలి. ఇద్దరూ ఆడపిల్లలో, ఇద్దరూ మగపిల్లలో అయితే పదహారేళ్లదాకా అంతే. విడిపోయిన తండ్రి దగ్గరకు వారాంతంలో వచ్చే పిల్లల గది కూడా ‘ఎక్కువే’నట! జనం దీనికి పడకగది పన్ను అని పేరుపెట్టారు. చిన్న ఇంటికి మారండి అన్నారు సరే, చాలా ఊళ్లలో అలాంటి ఇళ్లు చాలినన్ని ఉంటేగా? జబ్బు వల్ల ఒకే గదిలో పడుకోలేని దంపతులకు న్యాయం 2016లో సుప్రీంకోర్టుదాకా వెళితేగాని దొరకలేదు. స్కాట్లండు ప్రభుత్వం మాత్రం ఆ కోతను తన డబ్బుతో పూడ్చింది.

అదే 2013లో తూర్పు లండన్‌లోని న్యూహామ్‌లో మరొకటి జరిగింది. ఒక హాస్టలుకిచ్చే నిధులు ఆగిపోయి, అక్కడున్న 29 మంది చిన్నవయసు తల్లులకు ఖాళీ చేయమని నోటీసులొచ్చాయి. లండన్‌లో ఇళ్లు లేవు, మాంచెస్టరుకో బర్మింగ్‌హామ్‌కో హేస్టింగ్స్‌కో వెళ్లమన్నారు. మాంచెస్టరు మూడువందల కిలోమీటర్లు! పసిబిడ్డ తల్లికి పుట్టిల్లు అంత దూరమైతే అర్థరాత్రి బిడ్డకు జ్వరమొస్తే ఎవరిని పిలవాలో మీరే చెప్పండి. వాళ్లు శనివారం శనివారం బజారులో బల్ల వేసుకుని దారినపోయేవారికి తమ గోడు చెప్పారు. చివరకు ఊరు విడవకుండానే ఇళ్లు దొరికాయి, ప్రైవేటు అద్దెవి. అయినా ఊరుకోలేదు. 2014 సెప్టెంబరులో, ఒలింపిక్ పార్కు పక్కనే కౌన్సిలు ఖాళీగా ఉంచిన కార్పెంటర్స్ ఎస్టేటులో నాలుగు ఫ్లాట్లలోకి వెళ్లి, ఇళ్లు లేని మిగతావారి కోసం రెండు వారాలు అక్కడే కూర్చున్నారు.