రూటరు లోపలి పేజీ: ఒక బలహీనత చరిత్ర

మోడెంకు గానీ రూటరుకు గానీ తెర ఉండదు, కీబోర్డు ఉండదు. ఏ అమరిక మార్చాలన్నా బయటి నుంచే మార్చాలి. తొలినాళ్లలో ఇంజనీరు దానికి కేబుల్ తగిలించి, నల్ల తెర మీద ఆదేశాలు ఒక్కొక్కటే టైపు చేసేవాడు. 1990ల మధ్యకాలంలో బ్రౌజర్లు వాడుకలోకి రావడంతో తయారీదారులు పరికరంలోనే ఒక చిన్న వెబ్ సర్వరును పెట్టడం మొదలుపెట్టారు. బ్రౌజరులో 192.168.1.1 అని కొడితే ఒక పేజీ వస్తుంది. పేరు, పాస్‌వర్డ్ ఇస్తే పరికరం మొత్తం చేతికొస్తుంది. నిపుణుడి అవసరాన్ని తగ్గించడానికి పుట్టిన ఈ సౌకర్యం చొరబాటుదారుడి పనినీ అంతే తేలిక చేసింది.

ఇందులోని ప్రమాదం 2001 జూన్‌లో అందరికీ తెలిసింది. సిస్కో రూటర్లలో వాడుకరి అధికారానికి స్థాయిలు ఉంటాయి. అన్నిటికన్నా పైది 15. అయితే పేజీ చిరునామాలో స్థాయి రాసే చోట 16 నుంచి 99 లోపు అంకె ఏదైనా వేసి చూస్తే, కొన్ని అమరికల్లో పరికరం పాస్‌వర్డ్ అడగకుండానే సర్వాధికారాలూ ఇచ్చేసేది. 16 అనే స్థాయే లేదు కాబట్టి దాన్ని ఆపాలన్న ఆలోచన సాఫ్ట్‌వేర్ రాసినవారికి రాలేదేమో. తలుపు తాళం పగలగొట్టే పనే లేని ఈ తరహా లోపం తర్వాతి ఇరవై ఏళ్లలో ఎన్నో కంపెనీల పెట్టెల్లో మళ్లీ మళ్లీ బయటపడింది.

తెలుగు పల్లెలకు ఈ పెట్టెలు టెలిఫోన్ తీగ వెంట వచ్చాయి. బీఎస్ఎన్ఎల్ 2005 జనవరిలో డేటావన్ పేరుతో బ్రాడ్‌బ్యాండ్ ప్రారంభించింది. అనంతపురం జిల్లా మెట్టసీమలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న కంబదూరు వంటి మండల కేంద్రాల్లో తీగ మీద ఇంటర్నెట్ అంటే చాలాకాలం బీఎస్ఎన్ఎల్లే. హువావే, యూటీస్టార్‌కామ్ మోడెములు అప్పట్లో ఎక్కువగా కనిపించేవి. ల్యాండ్‌లైన్ ఉన్నచోటికి మనిషి వచ్చి, మోడెం పేజీ తెరిచి, చందాదారు పేరూ పాస్‌వర్డూ ఎక్కించి, దీపాలు వెలిగాయో లేదో చూసుకుని వెళ్లిపోయేవాడు. ఆ పేజీలోకి వెళ్లడానికి పేరు అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. అది మార్చుకోవాలని చందాదారుకు చెప్పినవాళ్లు తక్కువ. చెప్పినా ఆ పేజీ ఇంగ్లిషులో ఉంటుంది, ఒక గడి తప్పు నింపితే నెట్ ఆగిపోతుందన్న భయం ఉంటుంది. వేరుశనగ ధర చూసుకోవడానికో, పిల్లల పరీక్ష ఫలితాలకో కనెక్షన్ పెట్టించుకున్న ఇంటివాళ్లు దాని జోలికి వెళ్లకపోవడంలో వింతేమీ లేదు.

పేజీ ఇంటి లోపలి నెట్‌వర్క్‌కే కనబడుతుంది కదా, బయటివాడు ఎలా వస్తాడన్న ధీమా కొంతకాలం నిలిచింది. అమెరికా పరిశోధకులు 2006–07లో దాన్ని పోగొట్టారు. ఇంట్లోవాళ్లు ఏదో ఒక మోసపు పేజీని తెరిస్తే చాలు, వాళ్ల బ్రౌజరే వాళ్లకు తెలియకుండా రూటరు పేజీకి ఆదేశం పంపగలదని చూపించారు. మార్చేది ఒకే ఒక్క గడి: డీఎన్ఎస్ సర్వరు చిరునామా. వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పేది ఆ సర్వరే. అది దొంగదైతే బ్యాంకు పేరు సరిగ్గా టైపు చేసినా తెరుచుకునేది నకిలీ బ్యాంకు. 2008 జనవరిలో మెక్సికోలో గ్రీటింగ్ కార్డులాంటి ఈమెయిల్‌తో సరిగ్గా ఇదే జరిగింది. 2011–12లో బ్రెజిల్‌లో సుమారు 45 లక్షల మోడెములు ఈ బారిన పడ్డాయి. కంప్యూటరులో యాంటీవైరస్ ఎంత మంచిదైనా ఇక్కడ చేసేదేమీ లేదు, మారింది కంప్యూటరు కాదు కనుక.

ఆ తర్వాత బయటపడ్డవాటిలో కొన్ని నవ్వు తెప్పించేవి కూడా ఉన్నాయి. 2013 అక్టోబరులో డీ-లింక్ రూటర్లలో ఒక రహస్య పదం దొరికింది. బ్రౌజరు తన పేరుగా ఆ పదం చెబితే పాస్‌వర్డ్ లేకుండానే పేజీ తెరుచుకునేది. పదాన్ని వెనక నుంచి చదివితే జోయెల్ అనే పేరు, దాని పక్కనే దొడ్డిదారి అనే మాట కనిపించాయి. 2014 జనవరిలో బయటికొచ్చిన లోపం నవ్వుకునేది కాదు. ఒకే రకం సాఫ్ట్‌వేర్ వాడే అనేక కంపెనీల చవక మోడెముల్లో ‘రోమ్-0’ అనే ఫైలును ఎవరైనా లాగిన్ కాకుండానే దింపుకోవచ్చని తేలింది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ ఫైలులోనే ఉండేది. అదే ఏడాది మార్చిలో టీమ్ కిమ్రూ అనే సంస్థ డీఎన్ఎస్ మార్చేసిన 3 లక్షల చిన్న రూటర్లను గుర్తించింది. వియత్నాం, ఇటలీ, థాయిలాండ్‌లతో పాటు అవి ఎక్కువగా ఉన్న దేశాల్లో భారతదేశం ఒకటి.

2014 డిసెంబరులో చెక్ పాయింట్ సంస్థ ప్రకటించిన లోపం ఈ చరిత్ర మొత్తానికి కీలకం. అల్లెగ్రో అనే కంపెనీ తయారుచేసిన రోమ్‌పేజర్ అనే చిన్న వెబ్ సర్వరు అప్పటికి 189 దేశాల్లో కనీసం 1.2 కోట్ల పరికరాల్లో ఉండేది. బ్రౌజరు పంపే కుకీలో చిన్న తేడా చేసి పంపితే పరికరం వశమయ్యేది. అల్లెగ్రో మాత్రం ఆ లోపాన్ని 2005లోనే సరిచేసింది! చిప్ తయారీదారు పాత సాఫ్ట్‌వేర్‌నే ఇచ్చాడు, పెట్టె తయారీదారు దాన్నే నింపాడు, ఇంటర్నెట్ సంస్థ అదే పెట్టెను పంచింది. తొమ్మిదేళ్లయినా దిద్దుబాటు ఇంటిదాకా రాలేదు. లోపం కనిపెట్టడం కన్నా కష్టమైనది దిద్దుబాటును చివరి పెట్టెదాకా చేర్చడం. ఈ కథలో అసలు వైఫల్యం అదే.

2017 జూలై చివరి వారంలో ఇలాంటి నిర్లక్ష్యపు ఫలితమే బీఎస్ఎన్ఎల్ చందాదారుల మీద పడింది. పాస్‌వర్డ్ మార్చని వేల మోడెములు ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. దెబ్బ ఎక్కువగా తగిలింది కంబదూరు సరిహద్దుకు అవతలే ఉన్న కర్ణాటక సర్కిల్‌లో. బ్రికర్‌బాట్ అనే ప్రోగ్రామును నడిపే అజ్ఞాత వ్యక్తి అది తన పనేనని చెప్పుకున్నాడు. రక్షణ లేని పరికరాలను నేరగాళ్లు వాడుకునేలోపే చంపేయడం తన ఉద్దేశమట. అతడు వచ్చింది వెబ్ పేజీ గుండా కాదు, దూరం నుంచి ఆదేశాలిచ్చే మరో దారిలో. కానీ తాళంచెవి అదే: అడ్మిన్, అడ్మిన్. పాస్‌వర్డ్ మార్చుకోమని బీఎస్ఎన్ఎల్ చందాదారులను కోరింది. పన్నెండేళ్ల కిందట, మోడెం బిగించిన రోజున చెప్పాల్సిన మాట అది.

అదే ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ గ్రిడ్‌ను జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24 వేల కిలోమీటర్ల తీగ లాగి, నెలకు 149 రూపాయలకే నెట్, ఫోన్, టీవీ ఇవ్వాలన్నది అప్పటి పథకం. పల్లెల్లో పెట్టె బిగించే పని లైన్‌మన్ చేతి నుంచి కేబుల్ ఆపరేటరు చేతికి మారింది. తీగ మారినా లోపాలు ఆగలేదు: 2018 ఏప్రిల్ నెలాఖరున దాసన్ కంపెనీ ఫైబర్ రూటర్లలో ఒక లోపం బయటపడింది. పేజీ చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి ‘ఇమేజెస్’ అని చేరిస్తే లాగిన్ అవసరం లేకుండా పోయేది. ప్రపంచంలో పది లక్షలకు పైగా పెట్టెలకు ఆ ప్రమాదం ఉందని లెక్కగట్టారు. చిన్న నెట్ ఆపరేటర్లు ఇష్టపడే మైక్రోటిక్ రూటర్లదీ అదే ఏడాది అదే కథ. వాటి నిర్వహణ ప్రోగ్రాములోని లోపాన్ని ఏప్రిల్‌లోనే సరిచేసినా, అప్‌డేట్ చేయని లక్షల రూటర్ల ద్వారా దొంగలు చందాదారుల బ్రౌజర్లతో క్రిప్టో నాణేలు తవ్వించుకున్నారు.  

ఖరీదైన పరికరాలకూ మినహాయింపు లేదు. 2023 అక్టోబరులో సిస్కో తన రూటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ ఎక్స్ఈ వెబ్ పేజీలో 10కి 10 తీవ్రత గల లోపాన్ని ప్రకటించింది. అప్పటికి దిద్దుబాటు సిద్ధంగా లేదు. కొద్దిరోజుల్లోనే వేల సంఖ్యలో పరికరాల్లో చొరబాటుదారుల కోడు కనిపించింది. ఇంటర్నెట్‌కు కనబడేలా పెట్టిన పేజీని ఆపేయమనడమే ఆ పూటకు కంపెనీ ఇచ్చిన సలహా. అంతకు నాలుగు నెలల ముందే అమెరికా సైబర్ సంస్థ సీసా, ఇలా బయటికి కనబడే నిర్వహణ పేజీలను గుర్తించిన 14 రోజుల్లో ఇంటర్నెట్ నుంచి తొలగించాలని లేదా వాటికి రక్షణ పెట్టాలని అక్కడి కేంద్ర ప్రభుత్వ శాఖలను ఆదేశించింది. అందరికీ ఒకే పాస్‌వర్డ్‌తో పెట్టెలు అమ్మడాన్ని కాలిఫోర్నియా 2020 జనవరి నుంచి, బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి చట్టంతో కట్టడి చేశాయి.

భారతదేశంలో ఇలాంటి చొరబాట్లు తెలిసిన 6 గంటల్లోగా దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వచ్చాయి. అవి సంస్థలకు వర్తించేవి. ఇంటి గోడకు ఉన్న పాత పెట్టెను చూసుకునే పని ఎవరిదో వాటిలో లేదు. 2024 నవంబరులో కాలం చెల్లిన కొన్ని డీ-లింక్ రూటర్లలో పెద్ద లోపం బయటపడితే, దిద్దుబాటు ఇవ్వబోమని, కొత్తవి కొనుక్కోవాలని కంపెనీ చెప్పేసింది. కంబదూరైనా బెంగళూరైనా, దిద్దుబాటు ఆగిపోయిన రూటరుకు మార్చడం తప్ప మందు లేదు. ఇంకా దిద్దుబాటు వస్తున్న పెట్టెల పాస్‌వర్డ్ మార్చి, దూరం నుంచి తెరిచే సౌకర్యాన్ని ఆపి, ఫర్మ్‌వేర్ (పెట్టెలోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇవ్వడం వాటిని బిగించిన సంస్థ బాధ్యతే.