వేమవరపు ఆకులు – కాతేరు చిప్పలు

ఒంగోలుకు ఉత్తరముగా నున్న బూదవాడ, వేమవరము, పావులూరు అను మూడు గ్రామముల పేర్లు భూగర్భశాస్త్ర గ్రంథములలో స్థిరపడి చాలకాలమైనది. అడుగున బూదవాడ ఇసుకరాయి, దానిపై వేమవరపు మట్టిరాయి, ఆపైన పావులూరు ఇసుకరాయి – ఇవి మూడును ఒకదానిపై నొకటి పేర్చిన పొరలు. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1870 తరువాతి సంవత్సరములలో ఈ తీరమును బందరు వరకు పరిశీలించి వీనిని వర్ణించెను. మద్రాసు చేరువను పల్లవరములో 1863లో ఆదిమానవుని రాతి పనిముట్టును కనుగొన్న ఫూట్ ఈతడే. వేమవరపు రాతిలో దొరకిన ఆకుల ముద్రలను కలకత్తాలో ఆ శాఖయందే పనిచేసిన బొహీమియా దేశీయుడు ఒట్టోకర్ ఫైస్ట్‌మాంటెల్ పరీక్షించి, 1879లో వాని వివరములను ప్రకటించెను.

ఏ రాతిని పగులగొట్టినను ఇట్టి ముద్రలు దొరకునని శ్రోతలు భ్రమపడరాదు. చీమకుర్తి నల్లరాయికి దేశవిదేశములలో పేరున్నది. కాని అది భూగర్భమున కరగి చల్లారిన రాయి, దానిలో ప్రాణి జాడ ఉండదు. మార్కాపురపు పలకరాయి బురద నుండి పుట్టినదే. అయినను అది మిక్కిలి పురాతనము. ఆకులు, చిప్పలు గల ప్రాణులు లోకమున అవతరింపక పూర్వమే ఆ బురద పేరుకొన్నది. తరతరముల పిల్లలు ఓనమాలు దిద్దుకొన్న ఆ పలకపై ప్రకృతి ఒక్క ఆకునైనను దిద్దలేదు. వేమవరపు రాయి అట్లు కాదు. నిలుకడ నీటిలో మెత్తని మట్టి దిగుచుండగా అందు రాలిన ఆకు మడతపడక అణగి, రాయితోపాటు రాయియైనది. పొర విప్పినచో పుస్తకములో దాచిన నెమలికన్ను వలె కనబడును.

ఆ ఆకులు ఏ చెట్లవి? ఈతాకును చిన్నది చేసినట్లు నడుమ ఈనె, ఇరుప్రక్కల సన్నని రేకులు గల టిలోఫిల్లము అను మొక్క అందు ముఖ్యమైనది. దానితోపాటు ఫెర్నులు కలవు, సరళవృక్షముల జాతివి కలవు. లేనిదేమనగా, పూవు పూచెడి చెట్టు. నేడు ఒంగోలు పొలములలో పండు ప్రత్తి, మిరప, పొగాకు, కంది – ఇవి యన్నియు పూచి కాచునవే. వేమవరపు అడవిలో వీని పూర్వుల ఆకొక్కటియు కానరాదు. అదే నేల, వేరు లోకము.

ఆ క్రింది బూదవాడ పొరలలో ఆమనైటుల ముద్రలు దొరకినవి. ఈ పేరు క్రొత్తగా తోచవచ్చునుగాని, వస్తువు మన పూజామందిరములలో నున్నదే. గండకీ నదిలో దొరకు సాలగ్రామమును పగులదీసినచో లోపల కనబడు చక్రము పురాతన ఆమనైటు చిప్పయే. ఆమనైటు సముద్రజీవి, కనుక బూదవాడ ఒకప్పుడు సముద్రతీరమనుట స్పష్టము. ఆకులను మాత్రమే చూచిన తొలి పరిశోధకులు ఈ రాళ్ళను జురాసిక్ యుగమునకు చెందినవని తలచిరి. ఆమనైటులను పరిశీలించిన ఎల్. ఎఫ్. స్పాత్ 1933లో ఇవి తరువాతిదైన క్రెటేషియస్ యుగపు తొలిభాగమునకు చెందునని నిర్ణయించెను. అనగా సుమారు 12, 13 కోట్ల సంవత్సరముల నాటివి. కాలము తెలిసికొనుటకు ఆకుకంటె చిప్ప నమ్మదగిన సాక్షియని ఇందువలన తేలినది.

ఈ టిలోఫిల్లము నేడు లేదు, ఆమనైటు నేడు లేదు. కాని రెండును ఒకేరీతిగా గతించలేదు. పూచెడి మొక్కలు విస్తరించుచు వచ్చినకొలది టిలోఫిల్లపు వంశము కోట్ల ఏండ్లలో మెల్లమెల్లగా క్షీణించినది. పాతకాపు భూమి ఎకరమెకరముగా చేయిజారినట్లు. ఆమనైటులో, 30 కోట్ల ఏండ్లకు పైగా సముద్రములను ఏలి, 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దాదాపు ఒక్కమారుగ అణగారినవి. భూగర్భశాస్త్రజ్ఞులు మహావిలయమనునది ఈ రెండవ విధమైన మరణమును. అట్టివి గడచిన 50 కోట్ల పైచిలుకు ఏండ్లలో ఐదు పెద్దవి జరిగినట్లు లెక్కింతురు. అన్నిటికంటె ఘోరమైనది 25 కోట్ల 20 లక్షల ఏండ్ల నాటిది; మన సింగరేణి బొగ్గుగా మారిన గ్లోసోప్టెరిస్ అడవులు అప్పుడే రూపుమాసినవి. దాని కథ వేరొక ప్రసంగమునకు తగినంత కలదు.

ఒక్కమారుగ పోయినదని చెప్పుట సులభము. ఋజువు చేయుట కష్టము. ఊరిలో అరుదుగా బయటికి వచ్చు వృద్ధుని మనము కడసారి చూచిన దినమే ఆతడు గతించిన దినము కాదు గదా! పెద్ద ప్రాణుల శిలాజములు అరుదు. రాక్షసిబల్లి ఎముక కడపట దొరకిన పొర, ఆ జాతి నశించిన పొరకు ఎంతో క్రిందిది కావచ్చును. తమిళదేశమున అరియలూరు ప్రాంతపు రాళ్ళలో ఆమనైటులు సమృద్ధిగా కలవు; వానిపై నున్న నినియూరు పొరలలో అవి లేవు, వాని దూరపు చుట్టమైన నాటిలసు మాత్రము కలదు. ఆమనైటు పిల్లలు మిక్కిలి సూక్ష్మమై సముద్రపు పైనీటిలో తేలియాడునవనియు, నాటిలసు గ్రుడ్లు పెద్దవై లోతున పొదుగుననియు, అందుచేతనే ఒకటి మునిగి ఒకటి గట్టెక్కెననియు శాస్త్రజ్ఞులు ఊహింతురు. ఊహ బాగున్నది. కాని ఆ దుర్దినపు దగ్గరి లెక్కకు ఇంతకంటె చిన్న సాక్షులు కావలెను.

ఆ సాక్షులు ఫొరామినిఫెరా అను ఏకకణజీవులు. సున్నపు చిప్ప కట్టుకొని నీటిలో తేలును. చచ్చిన తరువాత చిప్ప అడుగునకు దిగును. ఆవగింజ ప్రక్కన నుంచినచో వీనిలో చాలభాగము ధూళివలె తోచును. పిడికెడు రాతిలో వేలు దొరకును గనుక ఇచట వృద్ధుని చిక్కు లేదు. రాతిని నానబెట్టి, సన్నని జల్లెడలలో కడిగి, మిగిలినదానిని సూక్ష్మదర్శిని క్రింద పరచి, చిప్పలను కుంచెమొనతో ఒక్కొక్కటిగా ఏరుదురు. బియ్యములో రాళ్ళేరు ఇల్లాలి ఓర్పు ఇందుకు చాలదు.

మన ఆంధ్రదేశమున వీనికి ప్రసిద్ధమైన తావు రాజమహేంద్రవరము. ఊరి చేరువను కాతేరులోను, గోదావరి ఆవలి యొడ్డున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నముల వద్దను నల్లరాతి గనులు కలవు. ఆ నల్లరాయి స్థానికముగా పుట్టినది కాదనియు, పశ్చిమమున దక్కను పీఠభూమిలో వెలువడిన లావా పురాతన నదీమార్గముల వెంట వేయి కిలోమీటర్లకు మించి ప్రవహించి ఇచట సముద్రము చేరినదనియు పరిశోధకులు భావించుచున్నారు. అదే నిజమైనచో భూమిపై నింతకంటె పొడవైన లావా ప్రవాహములు తెలియవు. గనిగోడలో క్రింద నొక లావా, పైన నొక లావా, నడుమ చిప్పలతో నిండిన సున్నపురాతి పొర. నాగపురములో మతప్రచారకుడుగా నుండిన స్టీఫెన్ హిస్లాప్ ఈ చిప్పలను 1860లో వర్ణించెను. 1930 తరువాత ఎస్. ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు ఇందలి ఫొరామినిఫెరాలను, కారా అను నీటిమొక్క కాయలను వెలికి దీసిరి. లావాలు క్రెటేషియస్ నాటివా, తరువాతివా అని ఆ దశాబ్దమున గొప్ప వాదము నడచినది. బీర్బల్ సాహ్ని మొక్కల సాక్ష్యము చూపి తరువాతివే యనెను. వాదములో రెండు పక్షములకును సగము సగము సత్యము దక్కినదని నేడు చెప్పవచ్చును.

ఏలయనగా, గెర్టా కెల్లర్ అను పరిశోధకురాలు సహచరులతో కలసి ఈ గనులను శోధించి 2008లో ఇట్లు ప్రకటించెను: నడిమి పొరలోని ఫొరామినిఫెరాలు విలయము ముగిసిన వెంటనే పుట్టిన క్రొత్తజాతులు; కనుక క్రింది లావా విలయమునకు ముందుది, లేదా దానికి సమకాలికము; పై లావా తరువాతిది. ఒక యుగాంతము అంతయు ఒక గనిగోడలో ఇమిడియున్నదన్నమాట! తరువాత చమురు, సహజవాయు సంస్థ కృష్ణా గోదావరీ తీరమున తీసిన పదునొకండు లోతు బావుల రాళ్ళను పరీక్షించి 2011లో ఆమె బృందము మరికొంత చెప్పినది. మొదటి మహాప్రవాహము రాకమునుపే తేలియాడు ఫొరామినిఫెరా జాతులలో సగము పోయినవి. అది వచ్చిన పిదప మిగిలినవానిలో సగము పోయి, ఏడెనిమిది జాతులు మాత్రము నిలిచినవి. తరువాతి మూడు ప్రవాహముల నడుమ జీవము తేరుకొనలేదు. కడపటి ప్రవాహముతో వినాశము పూర్తియైనది. లావాతో వెలువడిన గంధకపు, బొగ్గుపులుసు వాయువులు గాలిని, వానను, సముద్రమును విషమొనర్చుటయే కారణమని వారి మతము.

దీనిని అందరు అంగీకరింపలేదు. ఇటలీలోని గుబ్బియో రాళ్ళలో ఆ సరిహద్దు పొరయందు ఇరిడియము అను అరుదైన లోహము విపరీతముగా నున్నదని చూపి, ఆకాశమునుండి పడిన గొప్ప శిలయే కారణమని లూయీ ఆల్వరెజ్, వాల్టర్ ఆల్వరెజ్ తదితరులు 1980లో వాదించిరి. మెక్సికోలోని చిక్షులూబు వద్ద సుమారు 180 కిలోమీటర్ల వెడల్పు గల దెబ్బగుంట 1991లో గుర్తింపబడుటతో ఆ పక్షమునకు బలము హెచ్చి, నేటికిని అధికసంఖ్యాకులు దానినే నమ్ముచున్నారు. 2019లో దక్కను లావాల వయస్సు కట్టిన రెండు బృందములలో ఒకటి విలయమునకు కొంచెము ముందే గొప్ప ఉద్గారము కలిగెననగా, రెండవది లావాలో అధికభాగము విలయము తరువాతనే వెలువడెనన్నది. అప్పటికే నలిగియున్న లోకమును ఆకాశపు దెబ్బ కూల్చినదనుట నాకు న్యాయముగా తోచుచున్నది. కాని గనులలోని సాక్ష్యము నా తీర్పుకొరకు వేచియుండదు.

కారణములో ఎంత కలహమున్నను, పునరుజ్జీవనపు వరుసలో అంత కలహము లేదు. ముందుగా పెచ్చుపెరిగినది గెంబెలిట్రియా అను మిక్కిలి చిన్న ఫొరామినిఫెరా. ఎట్టి చెడునీటినైనను ఓర్చుకొని, ఇతరులు ఖాళీచేసిన సముద్రమును నింపినది. బీడుపడిన చేనిలో ముందు తుంగ లేచినట్లే. దాని వెనుక చిన్నచిన్న క్రొత్తజాతులు పుట్టినవి. రాజమహేంద్రవరపు నడిమి పొర ఈ లేత సంతతితో కూడినది. రెండు మూడు లక్షల ఏండ్లకు పై లావాలు వచ్చిపడినవి. అవియు గొప్ప ప్రవాహములే. చిత్రమేమనగా, ఈసారి జాతులు పెద్దగా నశింపలేదు. ఉద్గారముల నడుమ ఎడము ఎక్కువై యుండవచ్చును. లేదా కష్టములలోనే పుట్టి పెరిగిన ఆ చిన్నవి వానికి అలవాటుపడి యుండవచ్చును. వైభవకాలపు జాతులు ప్రత్యేకమైన తావులకు, ఆహారములకు కట్టుబడి సున్నితములై యుండెను. మొదట పోయినవి అవియే. సముద్రము నిండుగా కోలుకొన్నది పై లావాల తరువాతనే.

నేలపై నేమి జరిగినది? తెలంగాణమున వికారాబాదు చేరువనున్న నాస్కల్ గ్రామపు లావాల నడుమ రాతిని కడిగి, జల్లించి, జి. వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ఒక సస్తన్యజంతువు పళ్ళను ప్రకటించిరి. డెక్కనోలెస్టెస్ అని దానికి పేరు. పన్ను ఒకటి రెండు మిల్లీమీటర్లు. ప్రాణి చుంచెలుక ప్రమాణము. లావా ఒకటి చల్లారి మరియొకటి రాకమునుపు ఏర్పడిన చెరువుగట్టున అది పురుగులు తిని బ్రతికినది. దక్కను లావాల నడిమి రాళ్ళలోనే తాళజాతి వృక్షముల మ్రానులు శిలలై దొరకుచున్నవి. వేమవరమున లేని పూచెడి చెట్లు ఇచట అడవులైనవి; వేమవరపు టిలోఫిల్లము వానిలో లేదు.

కాతేరులోగాని, పంగిడిలోగాని ఆ సున్నపురాతి పొర మనకు కనబడుటకు కారణము పండితులు కారు, రోడ్లకు కంకర కావలసివచ్చి నల్లరాతిని తవ్వినవారు. గోడ కొంత వెనుకకు జరిగినప్పుడెల్ల క్రొత్త చిప్పలు వెలుగు చూచును. పాతవి కంకరతో కలసి పోవును.