ఎర్ర సముద్రపు అడుగును కొలిచిన ఓడలు

ఎర్ర సముద్రానికి ఇరువైపులా తీరం పొడవునా పగడపు దిబ్బలున్నాయి. అరబ్బు నావికులు వీటిని ‘షిఅబ్’ అంటారు. కొన్ని నీటిపైన కనిపిస్తాయి, మరికొన్ని మూడు నాలుగడుగుల లోతున దాగి ఉంటాయి. ఎండ వీపు వైపు నుంచి పడుతున్నపుడు మాత్రమే నీటి రంగును బట్టి వాటిని పోల్చుకోవచ్చు. అందుకే తీరపు నావికులు పొద్దు వాలకముందే ఏదో ఒక రేవులో లంగరు దించేవారు. 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నం నుంచి మోఖా వైపు సాగిన ఓడలు చేరినది ఈ సముద్రానికే.

ఈ దిబ్బలను గురించి విపులంగా వ్రాసినవాడు అహ్మద్ బిన్ మాజిద్. హిజ్రీ 895, అనగా క్రీ.శ. 1490 ప్రాంతపు ‘కితాబుల్ ఫవాయిద్’లో పన్నెండవ భాగాన్ని ఆయన ఎర్ర సముద్రానికే కేటాయించాడు. వాస్కోడగామాకు దారి చూపినవాడు ఈయనే అన్న కథ మన పుస్తకాలలో ఇంకా తిరుగుతూనే ఉన్నది. పరిశోధకులు చాలామంది దానిని ఏనాడో తోసిపుచ్చారు. ఆయన ఘనతకు ఆ కథ అవసరం కూడ లేదు. అయితే ఆయనది ఓడలు నడచిన దారుల జ్ఞానం. ఒక దారికీ మరొక దారికీ నడుమ ఏమున్నదో అది చెప్పదు.

ఆ నడిమి ఖాళీని కొలిచే పని 1829లో మొదలైంది. బొంబాయి, సూయెజ్‌ల మధ్య పొగ ఓడలు నడపాలన్నది ఈస్టిండియా కంపెనీ తలంపు. 1830 మార్చి 20న ‘హ్యూ లిండ్సే’ బొంబాయి నుంచి బయలుదేరింది. బొగ్గు తిని నడిచే ఓడ ప్రతి సాయంత్రం రేవులో నిద్రపోతే దాని వేగానికి అర్థముండదు. కనుక పని పంచుకొన్నారు. ఉత్తర భాగం మోర్స్‌బీ నాయకత్వాన ‘పాలినూరస్’కు, దక్షిణ భాగం ఎల్వన్ నాయకత్వాన ‘బెనారెస్’కు వచ్చింది.

ఆ కాలపు సర్వే పద్ధతి ఇది. ముందు ఒడ్డున చదునైన నేల మీద ఒక ఆధార రేఖను జాగ్రత్తగా కొలుస్తారు. దాని రెండు కొనల నుంచి కొండ శిఖరాలకు, దీవులకు కోణాలు తీసి, త్రిభుజాలు అల్లుకుంటూ తీరమంతటినీ కాగితం మీదికి తెస్తారు. తరువాత పడవలు వరుసలు కట్టి నడుస్తూ సీసపు గుండు వేస్తాయి. గుండు అడుగున గుంటలో పశువుల కొవ్వు కూరి ఉంటుంది. దానికి అంటి వచ్చిన ఇసుకను, బురదను బట్టి లంగరు పట్టే నేల అవునో కాదో తెలుస్తుంది. గుండు వేసిన క్షణాననే సెక్స్టెంటుతో ఒడ్డుమీది మూడు గుర్తుల మధ్య రెండు కోణాలు చూచి పడవ ఉన్న చోటును నిర్ణయిస్తారు. ఆటుపోట్లకు తగినట్లు లోతును సవరించిన పిమ్మటనే అంకె పటమెక్కుతుంది. ఇంత చేసినా రెండు గుండ్ల మధ్య ఏమున్నదో గుండు చెప్పలేదు. దిబ్బలున్నచోట వరుసలు దగ్గర చేయవలసిందే, నెలలు పెంచవలసిందే. ఈ పని 1834 దాక సాగింది.

ఆ పటాల మీది పేర్లను గమనించాలి: షిఅబ్, జజీరా, మర్సా, రాస్. ఇవి తీరపు నావికుల నోటినుంచి వచ్చిన మాటలు. శీర్షికలో ఉన్నవి మాత్రం అధికారుల పేర్లే. కొలత ఎవరికి పనికివచ్చిందన్న ప్రశ్నకు కూడ జవాబు త్వరలోనే వచ్చింది. 1834 నుంచి పాలినూరస్ మీద దక్షిణ అరేబియా తీరాన్ని కొలిచిన హేన్స్, 1839 జనవరిలో కంపెనీ అదెన్‌ను ఆక్రమించగానే అక్కడ పాలన చేపట్టాడు. తరువాత హజ్ యాత్రికులను మోసిన పొగ ఓడలకూ ఆ పటాలే ఆధారమయ్యాయి. అయినా జిద్దా ముంగిట దిబ్బల వరుసలను దాటేటపుడు కప్తాన్లు స్థానిక రుబ్బానును ఓడ ఎక్కించుకొనేవారు.