డాబా మీద గొడుగు ఎటు తిప్పాలి?

ఊళ్ళో ఇంటికి టీవీ కనెక్షన్ ఏది పెట్టించాలి? పట్నంలో ఉన్నవాళ్ళకి ఇదో ప్రశ్నలా కూడా అనిపించదు. ఫోన్ చేస్తే గంటలో ఎవరో ఒకరు వచ్చి బిగించి పోతారు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఒంటరిగా ఉన్న ఇంటికి మాత్రం ఇది కూర్చుని ఆలోచించవలసిన సంగతే.

మా అత్తయ్యగారు పెదవేగిలో ఉంటారు. మామయ్యగారు పోయి మూడేళ్ళయింది. మేము తాడేపల్లిగూడెంలో, మా మరిది వాళ్ళు హైదరాబాదులో. ఎవరింటికి రమ్మన్నా నాలుగు రోజులుండి, "ఇల్లు పాడుపడిపోతుంది" అని వెళ్ళిపోతారు. చీకటి పడ్డాక ఆ ఇంట్లో మనిషి గొంతు వినపడేది టీవీలోంచే. అందుకని పోయిన వేసవిలో కనెక్షన్ మార్చాలన్న మాట రాగానే తలా ఒక సలహా. మా ఆయన డిష్ అన్నారు. మరిది ఇంటర్నెట్టుతో కలిపి తీసుకుందాం అన్నాడు. మా అబ్బాయి క్రికెట్ హెచ్‌డీలో రావాలన్నాడు. రోజూ ఆ టీవీ ముందు కూర్చునే ఆవిడ మాత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ వింటున్నారు.

అప్పుడు నాకు ఒక కుతూహలం పుట్టింది. అసలు మన ఇళ్ళల్లో ఏది చూడాలో ఇన్నాళ్ళూ ఎవరు నిర్ణయించారు? పెదవేగి అంటే శాలంకాయనులు, ఆ తరవాత తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి. తవ్విన చోటల్లా చరిత్ర బయటపడే ఊరు. అదే పని నేను టీవీ విషయంలో చేశాను. యాభై ఏళ్ళు లోతుకి తవ్వితే చాలు, కథంతా దొరికింది.

పల్లెటూరికి ఆకాశం నుంచి బొమ్మ రావడం 1975 ఆగస్టు 1న మొదలైంది. అప్పటికి మన దేశానికి సొంత ప్రసార ఉపగ్రహం లేదు. అమెరికా వాళ్ళ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఒక్క ఏడాదికి వాడుకోనిచ్చింది. మన ఇస్రో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలను ఎంచి, ఊరికో టీవీ పెట్టింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. దీన్ని 'సైట్' ప్రయోగం అనేవారు. ఒక్కో గొడుగు పది అడుగుల వెడల్పు. దానికి వాడింది ఏమిటో తెలుసా? కోళ్ళ గూళ్ళకి కట్టే తీగ జాలి! పొద్దున బడిపిల్లలకి గంటన్నర, సాయంత్రం పెద్దవాళ్ళకి రెండున్నర గంటలు కార్యక్రమాలు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, కాస్త ఆటాపాటా. తెలుగులోనూ వచ్చేవి. 1976 జూలై 31తో గడువు అయిపోయింది, నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కి జరిపేసుకుంది.

ఆ రోజుల్లో ఎంచుకోవడం అన్న మాటే లేదు. ఏది చూపిస్తే అది చూడటమే. అయినా ఆ మొదటి ప్రయోగం ఇంటి కోసం కాదు, ఊరి కోసం జరిగింది. అది గుర్తుపెట్టుకోవలసిన విషయం అనిపించింది నాకు.

ఆ తరవాత 1977 అక్టోబరు 23న హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. అదే ఏడాది పంపిన ఇన్సాట్-1ఎ కొద్ది నెలలకే పాడైపోయింది. 1983 ఆగస్టు 30న వెళ్ళిన ఇన్సాట్-1బి మాత్రం నిలబడింది. అమెరికా వాళ్ళ ఛాలెంజర్ షటిల్ దాన్ని మోసుకెళ్ళింది. దాని పుణ్యమా అని దేశమంతా చిన్న చిన్న ట్రాన్స్‌మిటర్లు లేచాయి, ఢిల్లీ ప్రసారం మన ఊళ్ళకి చేరింది. తుఫాను హెచ్చరికలని తీరం ఊళ్ళకి నేరుగా చేర్చడానికి కూడా ఇన్సాట్‌నే వాడుకున్నారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన చూసిన జిల్లాల వాళ్ళం మనం. ఆకాశంలోంచి వచ్చే కబురు విలువ మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

నాకు తెలిసిన మొదటి టీవీ ఆ కాలానిదే. 1987 జనవరిలో రామాయణం మొదలైనప్పుడు నేను చిన్నపిల్లని. ఆదివారం తొమ్మిదిన్నరకి వీధిలో టీవీ ఉన్న ఇంట్లో చాప పరిచేవారు. అర్థం కాని హిందీని పెద్దవాళ్ళు చదువుకున్న కథతో కలుపుకుని మాకు చెప్పేవారు. డాబా మీద చేపముల్లులాంటి యాంటెన్నా ఉండేది. గాలి వేస్తే ఒకరు పైకెక్కి తిప్పడం, కింద నుంచి ఇంకొకరు "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది" అని అరవడం. మీ ఇంట్లోనూ ఇదే కథ అయి ఉంటుంది లెండి. వారానికో తెలుగు సినిమా, శుక్రవారం చిత్రలహరి. చానెల్ ఒక్కటే కాబట్టి ఇంట్లో తగువు లేదు.

తగువు కేబుల్‌తో వచ్చింది. 1991లో స్టార్, 1992 అక్టోబరులో జీ, 1995లో ముందు జెమినీ, ఆగస్టు 27న ఈటీవీ. ఊళ్ళో ఒకాయన తన డాబా మీద పెద్ద గొడుగు పెట్టి, కొబ్బరి చెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా ఇంటింటికీ తీగ లాగేవాడు. కేబుల్ చట్టం కూడా 1995లోనే వచ్చింది. అప్పటికే తీగలు ఊరంతా అల్లుకుపోయాయి. ఇన్ని చానెళ్ళు వచ్చాయి గానీ, వాటిలో ఏవి రావాలో నిర్ణయించేది ఆ కేబులాయనే. ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉండేదో మీకు చెప్పాలా? మా పుట్టింట్లో వార్తలయ్యేదాకా నాన్నగారి చేతిలో, ఆ తరవాత అన్నయ్య చేతిలో. అమ్మ చేతికి వచ్చేది మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక, ఒక గంట.

మన డాబా మీదే చిన్న గొడుగు పెట్టుకుని నేరుగా ఉపగ్రహం నుంచి చూడొచ్చన్న ఆలోచన 1990ల చివరికే వచ్చింది. ప్రభుత్వం 1997లో దాన్ని నిషేధించి, 2000 నవంబరులో అనుమతించింది. 2003లో డిష్ టీవీ మొదలైంది. 2004 డిసెంబరు 16న దూరదర్శన్ వారి డీడీ డైరెక్ట్ ప్లస్ వచ్చింది. ఇప్పుడు ఫ్రీ డిష్ అంటున్నది దాన్నే. మొదట్లో 33 చానెళ్ళు, నెల అద్దె లేదు. 2006లో టాటా స్కై వచ్చింది, 2022లో దాని పేరు టాటా ప్లే అయింది. 2007లో సన్ డైరెక్ట్, 2008లో ఎయిర్‌టెల్, 2009లో వీడియోకాన్ డీటూహెచ్. కేబుల్ తీగ చేరని పొలాల మధ్య ఇళ్ళకి కూడా టీవీ వచ్చిందంటే వీటివల్లే.

కేబుల్‌కి కూడా డబ్బా తప్పనిసరి అయింది. ముందు మహానగరాల్లో, చివరికి పల్లెల్లో. పల్లెలకి పెట్టిన ఆఖరి గడువు 2017 మార్చి 31. ఆ ఏడాది డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్ గ్రిడ్‌ని ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, ఇంటర్నెట్టు అని అప్పట్లో ఊరంతా అదే మాట.

మన కథలో అసలు మలుపు 2019 ఫిబ్రవరి 1. చానెళ్ళని ఎవరికి వారే ఎంచుకోవాలని ట్రాయ్ నిబంధన అమల్లోకి వచ్చింది. మొదటి వంద చానెళ్ళకి 130 రూపాయలు, పన్నుతో 153. డబ్బు కట్టాల్సిన చానెళ్ళకి విడిగా లెక్క. మరుసటి ఏడు అదే 130కి రెండు వందల చానెళ్ళు ఇవ్వాలన్నారు. 2024లో ఆ రుసుముకి ఉన్న పరిమితే తీసేశారు. ఏదేమైనా, ఏం చూడాలో కాగితం మీద రాసి ఇవ్వమని మనల్ని అడగటం అదే మొదటిసారి.

ఆ కాగితం పెదవేగిలో మామయ్యగారి చేతికి వచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఉన్న తెలుగు వార్తా చానెళ్ళన్నిటికీ శ్రద్ధగా టిక్కులు పెట్టారు. "మరి మా సీరియళ్ళు?" అని అత్తయ్యగారు అడిగితే, "అవి ఎలాగూ వస్తాయిలే" అన్నారట. రాలేదు. వారం రోజులు ఆవిడ పక్కింటికి వెళ్ళి చూశారు. ఎనిమిదో రోజున మామయ్యగారే వెళ్ళి, ఆ చానెళ్ళు కూడా వేయించి వచ్చారు. నలభై ఏళ్ళు ఇద్దరూ కాపురం చేసిన తీరంతా ఆ కాగితంలో ఉంది.

చరిత్ర అయింది, ఇక ఎంపిక సంగతి. నాకు అర్థమైనంతలో కంపెనీ పేరు కన్నా ముందు నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది చెట్లు. ఈ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకి పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. కాబట్టి మనకి ఎప్పుడూ దక్షిణం వైపే. పెదవేగి సుమారు 81 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. టాటా ప్లే వాడే ఉపగ్రహాలు 83 డిగ్రీల దగ్గర, అంటే మనకి దాదాపు సరిగ్గా దక్షిణాన, బాగా ఎత్తుగా. ఫ్రీ డిష్ 93.5 డిగ్రీలు, డిష్ టీవీ 95 డిగ్రీలు, ఈ రెండూ ఆగ్నేయం మూలకి. ఎయిర్‌టెల్ 108 డిగ్రీలు, ఇంకా తూర్పుకి, ఇంకొంచెం కిందికి. మీ ఇంటికి తూర్పున కొబ్బరి తోట ఉంటే ఒకటి రాకపోవచ్చు, దక్షిణాన పెద్ద మామిడి ఉంటే ఇంకొకటి రాకపోవచ్చు. మా పెదవేగి చుట్టూ పామాయిల్ తోటలు. పామాయిల్ పరిశోధన సంస్థే అక్కడ ఉంది మరి. ఈ చెట్టు ఏటేటా ఎదుగుతుంది. ఇవాళ ఖాళీగా కనిపించిన ఆకాశం ఐదేళ్ళకి ఉండకపోవచ్చు.

రెండోది వాన. చిన్న గొడుగులు వాడేది కేయూ బ్యాండ్ తరంగాలు. చిక్కటి వాన చినుకులు వాటిని మింగేస్తాయి. అందుకే జోరువానలో బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోతుంది. డబ్బా పాడైందని కంగారు పడక్కర్లేదు, వాన తగ్గితే అదే వస్తుంది. పాత కేబులాయన పెద్ద గొడుగుకి ఈ బాధ తక్కువ, అది వేరే తరంగాలు అందుకుంటుంది. అయితే గాలివానకి తీగ తెగితే కేబులూ పోతుంది, ఫైబరూ పోతుంది. డిష్ గాలికి కాస్త కదిలినా బొమ్మ రాదు. అందుకే గోడకి గట్టిగా బిగించాలి.

మూడోది కరెంటు. డిష్ ఉంటే మన ఇంట్లో ఇన్వర్టర్ చాలు. కేబుల్ అయితే మన ఇంట్లో కరెంటున్నా, దారిలో వాళ్ళ పెట్టెలకి లేకపోతే రాదు.

నాలుగోది డబ్బు ఎవరు కడతారు, ఎలా కడతారు. ఒక కంపెనీ డబ్బా ఇంకో కంపెనీకి పనికిరాదు. ఒకసారి కొన్నాక మారడం అంటే మళ్ళీ డబ్బా ఖర్చు. తెలిసిన ఒక పెద్దావిడకి ఎవరో ఫోన్ చేసి, ఆవిడ "ఊఁ" అన్నదే చాలని పెద్ద ప్యాక్ తగిలించారు. రీఛార్జ్ కొడుకు ఫోన్‌లోంచి అయితే, కొడుక్కి గుర్తొచ్చేదాకా ఆవిడ టీవీ చీకటే.

ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని అత్తయ్యగారి దగ్గర కూర్చున్నాను. "మీకేం కావాలి అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ ఈనె తీస్తూనే చెప్పారు: "కేబుల్ తియ్యకండే. ఆ అబ్బాయి నెలనెలా డబ్బులకి వస్తాడు. 'మామ్మగారూ, బాగున్నారా' అని అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి పోతాడు. నేను తలుపు తియ్యకపోతే అడిగేవాడు ఒకడుండాలి కదా."

మా నాలుగు ప్రశ్నల్లో ఈ ప్రశ్నే లేదు. హెచ్‌డీ, ఇంటర్నెట్టు అన్నవాళ్ళందరూ మాట్లాడకుండా ఊరుకున్నారు.

కేబుల్ అలాగే ఉంచాం. నెల డబ్బు కౌలు సొమ్ములోంచి ఆవిడే ఇస్తారు, కొడుకుల్ని ఇవ్వనివ్వరు. చానెళ్ళ జాబితా ఈసారి ఆవిడే చెప్పారు, నేను రాశాను. ఇరవై రెండయ్యాయి. దానితో పాటు ఫ్రీ డిష్ ఒకటి కొని, మెట్ల గది మీద ఆగ్నేయానికి తిప్పి బిగించాం. పెద్ద తెలుగు వినోద చానెళ్ళు అందులో రావు, సీరియళ్ళ కోసమైతే అది చాలదు. కానీ గాలివానలో తీగ తెగిన రోజున, వాన కాస్త తెరిపివ్వగానే, సప్తగిరిలో తుఫాను ఎటు పోతోందో తెలుస్తుంది. నెల అద్దె లేదు, గడువు లేదు, ఎవరూ మర్చిపోవడానికి రీఛార్జ్ లేదు.

మీ ఊళ్ళో అమ్మకో, అత్తగారికో కనెక్షన్ పెట్టించేటప్పుడు ముందు డాబా ఎక్కి దక్షిణం వైపు చూడండి. కిందికి దిగాక ఆవిడ పక్కన కూర్చుని అడగండి. రెండో పనికి మొదటి దానికన్నా ఎక్కువ సేపు పడుతుంది. పట్టనివ్వండి.