ఎలక్ట్రీషియన్లూ.. చేతులు జాగ్రత్త! వేలు తెగినా, షాక్ కొట్టినా వెంటనే చేయాల్సినవి ఇవే

అమలాపురం: అమలాపురం, రాజోలు, కొత్తపేట.. కోనసీమలో ఎక్కడ ఇల్లు కట్టినా ఎలక్ట్రీషియన్ చెయ్యి పడాల్సిందే. గల్ఫ్ వెళ్లాలనుకునే కుర్రాళ్లకూ ఈ పనే దారి. అలాంటిది బొటనవేలు దెబ్బతింటే? ప్లయర్ పట్టు పోతుంది. పట్టు పోతే పనే పోతుంది.

దెబ్బలు ఎక్కడ తగులుతాయి?

పైపుల కోసం గోడకు గాడి కొట్టేటప్పుడు కట్టర్ బ్లేడ్ ఒక్కసారిగా వెనక్కి తన్నుతుంది. గార్డు తీసేసి వాడితే వేళ్లే పోతాయి. డ్రిల్ బిట్ కాంక్రీటులో ఇరుక్కుంటే మెషిన్ తిరిగి మణికట్టు మెలిపడుతుంది. వైరు ఒలిచేటప్పుడు కత్తి జారి అరచేయి తెగడం మామూలే.

షాక్ సంగతి వేరు. మన ఇళ్లలో వచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంట్. ఇది చేతి కండరాలను బిగించేస్తుంది, వదలాలన్నా వేళ్లు విచ్చుకోవు. తడి ఇసుక, క్యూరింగ్ నీళ్లు ఉన్నచోట ముప్పు ఇంకా ఎక్కువ. పైకి చిన్న మచ్చే కనిపించినా లోపల నరాలు, రక్తనాళాలు కాలి ఉండొచ్చు. ‘ఏం కాలేదులే’ అని ఇంటికెళ్లొద్దు. ఈసీజీ తీయించాలి. మూత్రం ముదురు రంగులో వస్తే ఆలస్యం చేయొద్దు.

వేలు తెగితే..

* గాయంపై శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కండి, చెయ్యి పైకెత్తి ఉంచండి.
* వాపు రాకముందే ఉంగరం తీసేయండి.
* తెగిన వేలిని మంచినీళ్లతో కడిగి, తడి గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి మూతి కట్టండి. ఆ కవర్‌ని ఐస్‌పై ఉంచండి. వేలికి నేరుగా ఐస్ తగలకూడదు.
* 108కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా వెళ్తే వేలు అతికే అవకాశం అంత ఎక్కువ.
* పసుపు, కాఫీపొడి అద్దొద్దు. టీటీ ఇంజెక్షన్ మరవొద్దు.

ముందు జాగ్రత్త

మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూశాకే వైరు ముట్టుకోండి. సైట్ బోర్డుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంట్ పనికి క్లాస్ 00 రబ్బరు గ్లవ్స్ 500 వోల్టుల వరకు పనికొస్తాయి, చిల్లు పడితే మాత్రం పారేయాల్సిందే. డ్రిల్ తిప్పేటప్పుడు వదులు గుడ్డ గ్లవ్స్ వద్దు, బిట్‌కి చుట్టుకుంటాయి.

18 నుంచి 60 ఏళ్లలోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన ఎలక్ట్రీషియన్లు కూడా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. దెబ్బ తగిలాక కాదు.. ఇప్పుడే చేయించుకోండి.