జాగీరు శిస్తు నుంచి పదకొండు నెలల కాగితం దాకా

రెవెన్యూ రికార్డుల్లో మణికొండ జాగీరు, మణికొండ ఖాల్సా అని రెండు పేర్లు నేటికీ కనిపిస్తాయి. ఒకచోట శిస్తు జాగీర్దారుకు చేరేది, మరోచోట నేరుగా నిజాం సర్కారుకు. ఈ నేల మీద బతికేవాడు ఎవరికి, ఎంత కట్టాలన్న పంచాయితీ ఐటీ కంపెనీలతో మొదలైంది కాదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మరుసటి ఏడాది వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం కౌలుకు పైహద్దు గీసింది. దున్నేవాణ్ణి పట్టాదారు ఇష్టం వచ్చినట్టు లేవగొట్టకుండా అడ్డుకట్ట వేసి, రక్షిత కౌలుదారు అనే కొత్త హోదా ఇచ్చింది. అంతటి రక్షణ ఇదే మట్టి మీద లేచిన ఫ్లాట్లలో ఉండేవారికి తర్వాతి డెబ్బై ఏళ్ళలో ఎన్నడూ దక్కలేదు. అందుకు కారణం తెలియాలంటే కాసేపు మణికొండ వదిలి పట్నంలోకి వెళ్ళాలి.

ఇంటి కిరాయికి ముకుతాడు వేయాలన్న ఆలోచనను చాలాచోట్ల యుద్ధాలే పుట్టించాయి. 1915లో గ్లాస్గో ఆడవాళ్ళు పెంచిన అద్దె కట్టబోమని వీధికెక్కితే బ్రిటిష్ ప్రభుత్వం ఆ ఏడాదే చట్టం తెచ్చింది. 1918లో బొంబాయి ఆ దారి పట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, ఫసలీ 1353లో, నిజాం రాజ్యంలో కిరాయి నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. పోలీసు చర్య ముగిసి పౌర ప్రభుత్వం కుదురుకున్నాక, 1954 చట్టం దాని స్థానంలోకి వచ్చింది. అటు కోస్తా, రాయలసీమల్లో 1949 నాటి మద్రాసు చట్టం నడిచేది. రాష్ట్రం ఒక్కటయ్యాక రెంటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం చేశారు. మన పెద్దలు ‘రెంట్ కంట్రోల్’ అన్నది దీన్నే.

ఆ చట్టం లెక్క నేటివారికి వింతగా తోస్తుంది. న్యాయమైన అద్దె తేల్చేటప్పుడు రెంట్ కంట్రోలర్ చూడాల్సిన వాటిలో 1944 ఏప్రిల్ 5కు ముందటి పన్నెండు నెలల్లో ఆ పేటలో నడిచిన రేట్లు ఒకటి. ఒకసారి తేల్చాక, కిరాయిదారు కోరగా యజమాని తన ఖర్చుతో గది వేయడమో, ఇంటిని మెరుగుపరచడమో జరిగితే తప్ప పెంపు లేదు. న్యాయమైన అద్దె తేలిన ఇంటికి నెల కిరాయికి మించి అడ్వాన్సు పుచ్చుకోవడమూ కుదరదు. పాత బజార్లలో తాతల నాటి కిరాయికే మనవలు దుకాణాలు నడుపుకోవడం ఇందువల్లే. ఇల్లు గలవారు సున్నం కూడా వేయించకుండా గోడలు కూలేదాకా కాచుక్కూర్చోవడమూ ఇందువల్లే. రెండు పక్షాలకూ చెప్పుకోదగ్గ గోడు ఉంది.

ఈ గట్టు మెల్లగా తెగింది. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్ళకు చట్టం ఇచ్చిన మినహాయింపును, మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. కొత్త ఇళ్ళన్నీ నియంత్రణ కిందికి వస్తాయని కిరాయిదారులు సంబరపడేలోగానే, డిసెంబరు 29న 636 నంబరు జీవో దిగింది. కొత్త కట్టడాలకు పదేళ్ళ మినహాయింపు, నెలకు వెయ్యి దాటిన కిరాయిలకు పూర్తి మినహాయింపు. 2005 సవరణ ఆ వెయ్యిని కార్పొరేషన్లలో 3,500గా, మిగతాచోట్ల 2,000గా మార్చింది. చట్టం పుస్తకంలో నిలిచింది, ఇళ్ళు మాత్రం దాని చేతిలోంచి జారిపోయాయి.

మణికొండనైతే ఆ చట్టం అసలు పట్టించుకోనేలేదు. అది వర్తించేది జంట నగరాలకూ మున్సిపాలిటీలకూ. 1998 నవంబరు 22న వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన నాటికి మణికొండ ఒక గ్రామ పంచాయతీ. మైక్రోసాఫ్ట్, ఇన్ఫోసిస్, విప్రోలు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో బారులు తీరాయి. ఆఫీసుకు దగ్గరగా, మాదాపూర్ కంటే తక్కువలో ఇల్లు కావాలన్నవాళ్ళు మణికొండ, పుప్పాలగూడ వైపు తిరిగారు. రాళ్ళ గుట్టల నడుమ పంచాయతీ అనుమతితో అపార్ట్‌మెంట్లు లేచాయి. 2008 నవంబరులో గచ్చిబౌలి–శంషాబాద్ మధ్య ఔటర్ రింగు రోడ్డు తెరుచుకుంది. మణికొండకు మున్సిపాలిటీ హోదా వచ్చేసరికి 2018. అప్పటికి అక్కడ రెండు వేలకు ఇల్లు కాదుగదా, బండి పెట్టుకునే జాగా దొరకడమూ కష్టమే. పంచాయతీగా ఉన్నన్నాళ్ళు చట్టం రాలేదు, మున్సిపాలిటీ అయ్యాక వచ్చినా మినహాయింపు గీతకు పైనున్న కిరాయిలను తాకలేదు.

ఆ ఖాళీని నింపింది వంద రూపాయల స్టాంపు కాగితం. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. ఆ ఖర్చు, తిరుగుడు తప్పించుకోవడానికి జనం పదకొండు నెలలకు రాసుకున్నారు. నా దృష్టిలో ఈ చరిత్రలో పెద్ద మలుపు ఇదే. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి పుట్టిన గడువే ఏటా కిరాయి పెంచడానికి ముహూర్తమై కూర్చుంది. ఏ శాసనసభా చర్చించలేదు, ఏ కోర్టూ చెప్పలేదు. అయినా పదకొండు నెలలు నిండగానే పెంపు ఉంటుందని ఇద్దరూ ఒప్పుకుంటారు. బేరమంతా ఎంత అన్నదాని మీదే.

ఆ బేరం చాలావరకు ఎండాకాలంలో, బడులు తెరవకముందే సాగుతుంది. ఓనర్ అమెరికాలో ఉంటే మాట్లాడేది ఆయన తండ్రో, బావమరిదో. “పక్క ఫ్లాటు ముప్పైకి పోయింది బాబూ, నేను మీకు పది శాతమే అడుగుతున్నా” అని ఆయన అంటాడు. “నిరుడు ట్యాంకర్లకే ఎంతయిందో మీకు తెలుసు కదా అంకుల్, ఐదు చేసుకోండి” అని ఇతను. ఇరవై ఐదు వేల కిరాయి మీద పది శాతమంటే నెలకు 2,500, ఏడాదికి 30,000. కిరాయిదారు ఖాళీ చేసి ఇల్లు ఒక్క నెల టు-లెట్ బోర్డుతో ఉంటే 25,000 పోయినట్టే. పైన రంగుల ఖర్చు, బ్రోకరు కమిషను. ఈ లెక్క తెలిసిన ఓనర్ ఏడున్నర దగ్గర దిగుతాడు. సామాన్లు ఎక్కించి దించే ఖర్చు, పిల్లల బస్సు రూటు తలుచుకుని కిరాయిదారూ ఒప్పుకుంటాడు. అయితే చిన్న శాతమని తేలిగ్గా తీసుకుంటే దెబ్బతింటాం. ఇరవై వేల ఇల్లు ఏటా ఐదు చొప్పున ఐదు పెంపుల తర్వాత 25,526 అవుతుంది, పది చొప్పున 32,210. మెయింటెనెన్సు దీనికి అదనం.

ఈ ఆనవాయితీ నిజంగా తలకిందులైంది 2020లో. మార్చి లాక్‌డౌన్‌తో ఐటీ ఉద్యోగులు లాప్‌టాప్ సంకన పెట్టుకుని సొంతూళ్ళ దారి పట్టారు. మూడు నెలలు ఇంటి కిరాయి అడగొద్దనీ, తర్వాత వాయిదాల్లో తీసుకోవాలనీ ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. మణికొండ కిరాయిదారుకు సర్కారు నేరుగా అండగా నిలిచింది బహుశా ఆ ఒక్కసారే. వీధి వీధినా టు-లెట్ బోర్డులు వేలాడిన ఆ రోజుల్లో తగ్గించమని అడిగినవారికి ఓనర్లు తగ్గించారు కూడా. 2022లో ఆఫీసులు మళ్ళీ పిలిచాయి, లెక్క తిరగబడింది. కాగితంలో ఐదు శాతం రాసుకున్నవాళ్ళూ ఇరవై అడిగారు. కాదంటే నెల నోటీసు. అగ్రిమెంటులో నోటీసు సంగతి లేకపోతే, నెలవారీ కిరాయికి పదిహేను రోజుల నోటీసు చాలని ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ చెబుతుంది. పెంపు క్లాజు ఎంత బాగా రాసుకున్నా, పక్కనే నోటీసు క్లాజు బలహీనంగా ఉంటే అది నిలబడదని చాలామందికి అప్పుడే తెలిసొచ్చింది.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నివాస గృహానికి రెండు నెలలకు మించి డిపాజిట్ వద్దంటుంది. పెంపు ఎంతో ఒప్పందానికే వదిలేస్తుంది. ఒప్పందంలో లేకుంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలంటుంది. 1944 రేట్లను ముందు పెట్టుకుని అద్దె తేల్చిన చట్టానికీ దీనికీ ఎంత దూరం! కానీ ఇది నమూనాయే, రాష్ట్రం తనదిగా చట్టం చేసుకుంటేనే ప్రాణం వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త అద్దె చట్టం చేసుకుంది. మణికొండలో మాత్రం ఇప్పటికీ స్టాంపు కాగితమే దిక్కు. 2022 చేదు రుచి చూసినవాళ్ళలో కొందరు ఇప్పుడు దిగేటప్పుడే రెండో ఏటి శాతం, మూడో ఏటి శాతం అంకెల్లో వేయించుకుంటున్నారు, నోటీసు మూడు నెలలు అడుగుతున్నారు. ఓనర్లు శాతానికి ఒప్పుకుంటున్నారు గానీ, నోటీసు దగ్గరికి వచ్చేసరికి రెండు నెలలకు మించి కదలడం లేదు.